అమ్మ అడిగే రెండు ప్రశ్నలు

ప్రతి రాత్రి ఎనిమిదిన్నరకు అమ్మ ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడిగేది: "తిన్నావా తల్లీ? నిద్ర పడుతోందా?" ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో దాదాపు నాలుగు నెలల పాటు ఆ రెండింటికీ నేను అబద్ధమే చెప్పాను. మెస్‌కు వెళ్లడం తగ్గిపోయింది. తెల్లవారుజామున నాలుగింటి దాకా కళ్లు తెరుచుకునే పడుకుని, రూమ్మేట్లు క్లాసులకు బయలుదేరే వేళకు దుప్పటి ముసుగు పెట్టుకునేదాన్ని.

చూసేవారికి అది బద్ధకం. నేనూ అలాగే నమ్మాను. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఉదయం ఐదింటి నుంచి రాత్రి పదింటి వరకు చదివిన మనిషిని, ఇప్పుడు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పుస్తకంలో ఒకే పేజీని గంట సేపు చూసి కూడా ఏమీ బుర్రకెక్కక మూసేస్తున్నానంటే, సోమరితనం తప్ప వేరే కారణం ఉంటుందని తోచలేదు. రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ పడ్డాక ఆ నమ్మకం మరింత గట్టిపడింది.

మనకు బెంగ అనే మంచి మాట ఉంది. పిల్ల హాస్టల్లో బెంగ పెట్టుకుందంటే ఎవరూ తప్పుపట్టరు, ఆదివారం క్యారియర్ కట్టుకుని వచ్చి చూసి వెళతారు. దిగులుగా ఉందంటే ఎందుకని అడుగుతారు. నాకున్నది బెంగ కాదు, ఎందుకంటే సంక్రాంతికి ఇంటికి వెళ్లినా తగ్గలేదు. దిగులూ కాదు, ఎందుకంటే కారణం అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పత్రికల్లో రాసే కుంగుబాటు అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. మా ఊళ్లో ఆ తర్వాత మిగిలిన మాట పిచ్చి ఒక్కటే, దానికి భయపడే నోరు విప్పలేదు.

బతకాలని లేదన్న ఆలోచన మొదటిసారి స్పష్టంగా వచ్చిన రాత్రి, హాస్టల్ మెట్ల మీద కూర్చుని 14416కు ఫోన్ చేశాను. అది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు. ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. అవతలి ఆవిడ ఓదార్పు మాటలతో తొందరపెట్టకుండా చాలాసేపు విని, ఇప్పుడు తనకు చెప్పిందే రూమ్మేట్‌ను లేపి చెప్పమని, ఆ రాత్రి ఒంటరిగా ఉండవద్దని, పొద్దున్నే ఇంట్లో కూడా చెప్పమని అడిగారు. అలాంటి ఆలోచన వచ్చిన వారెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి తెల్లవారే దాకా ఆగవద్దు. అప్పుడే ఫోన్ చేయండి, పక్కన ఉన్న మనిషిని నిద్ర లేపండి.

మర్నాడు అమ్మతో, "తినడం లేదమ్మా, నిద్ర కూడా పట్టడం లేదు" అని మాత్రమే అనగలిగాను. అంతకు మించి వివరించాల్సిన అవసరం రాలేదు. ఎవరికీ చెప్పవద్దని మొదట అన్న నాన్నే మూడో రోజున నన్ను ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగానికి తీసుకువెళ్లి, ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడ్డారు. లోపల డాక్టరు గారు అడిగిన మొదటి రెండు ప్రశ్నలు విని నాకు ఏడుపు ఆగలేదు: అన్నం తింటున్నావా, నిద్ర పడుతోందా. కుంగుబాటును అంచనా వేయడానికి వైద్యులు వాడే తొమ్మిది ప్రశ్నల పట్టికలో ఆకలి, నిద్ర, నీరసం, ఏకాగ్రత అన్నీ ఉంటాయని, గత రెండు వారాల్లో అవి ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టాయో చూస్తారని ఆ రోజే తెలిసింది. నేను బద్ధకమనుకున్న వాటిలో చాలా భాగం ఆ పట్టికలో లక్షణాలుగా ఉన్నాయి.

మందుల విషయంలో ఒక పొరపాటు చేశాను. పది రోజులైనా మార్పు కనిపించలేదని మానేశాను. ఈ మాత్రలు పనిచేయడం తెలియడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుందని, కాస్త బాగున్నట్లు అనిపించినా సొంతంగా ఆపకూడదని డాక్టరు గారు మళ్లీ ఓపికగా చెప్పారు. నాయనమ్మ కట్టిన తాయెత్తును మాత్రం ఆయన తీయమనలేదు, మందు మానకపోతే చాలన్నారు.

కౌన్సెలర్ ఇచ్చిన పని చూడడానికి చాలా చిన్నది: ఎనిమిదిలోపు స్నానం, మెస్‌లో కూర్చుని టిఫిన్, సాయంత్రం గ్రౌండ్ చుట్టూ ఒక్కసారి నడక. మనసు బాగుపడ్డాక లేద్దామని ఎదురుచూడవద్దని, ముందు శరీరాన్ని లేపితే మనసు నెమ్మదిగా వెనకాలే వస్తుందని ఆవిడ అన్నప్పుడు నమ్మలేదు. స్నానం ఒక్కటే చేయగలిగిన రోజులు ఎన్నో ఉన్నాయి, అయినా ఆవిడ దాన్ని కూడా లెక్కలో రాసుకోమనేవారు.

ఆ కౌన్సెలర్ ఉన్నది ఆసుపత్రిలో. మా కళాశాలలో నోటీసు బోర్డు మీద కౌన్సెలింగ్ గది నంబరు ఉండేది గానీ, నేను వెళ్లిన మూడుసార్లూ ఆ గదికి తాళమే ఉంది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పులో, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలని చెప్పింది. మీ కళాశాలలో ఆ మనిషి ఎవరో, ఏ వేళలో ఉంటారో అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఒక బ్యాక్‌లాగ్ ఇంకా మిగిలే ఉంది. కొన్ని రాత్రులు ఇప్పటికీ నిద్ర ఆలస్యంగానే పడుతుంది, ఆ మాట అమ్మకు ఉన్నదున్నట్లే చెబుతున్నాను. ఎనిమిదిన్నర ఫోన్లో ఇప్పుడు మూడో ప్రశ్న కూడా చేరింది: "మాత్ర వేసుకున్నావా తల్లీ?"