చిటికెన వేలు కదిలితే చాలు

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో చేరిన నాలుగో నెలలో మొదటిసారి జరిగింది. సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, దిగి, ఉదయం ఏడింటికి రూముకొచ్చి, ఏమీ తినకుండా వెల్లకిలా పడుకున్నాను. కాసేపటికి మెలకువ వచ్చింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పైకప్పుకు పరిచిన నాపబండలు, వాటి మధ్య సున్నం గీతలు, మూలన విడిచిన నా చెప్పులు, అన్నీ కనిపిస్తున్నాయి. వీధిలో ఆటో పోతున్న చప్పుడు వినిపిస్తోంది. కానీ చెయ్యి లేవదు, కాలు లేవదు. అమ్మా అని అరవబోతే గొంతు పెగల్లేదు. తలుపు పక్కన ఎవరో ఉన్నారు. కనిపించలేదు గానీ ఉన్నారని తెలుస్తోంది. తరవాత ఛాతీ మీద బరువు, బియ్యం మూట దించినట్టు.

నాకు అరగంటలా అనిపించింది. ఒక్కసారిగా ఒళ్ళు విడిపోయి లేచి కూర్చున్నాక ఫోను చూస్తే, నేను పడుకుని ఇరవై నిమిషాలు కూడా కాలేదు.

ఎవరికి చెప్పినా కల వచ్చి ఉంటుందిలే అన్నారు. కలలో నా చెప్పులు నేను విడిచిన చోటే ఎలా కనిపిస్తాయి?

ఇంటి ఓనరమ్మ మాత్రం అలా అనలేదు. ఆమె ముఖం మారిపోయింది. "ఆ రూములో ముందున్నోళ్ళ కోడలు పోయింది నాయనా. ఎర్రంచు చీరలోనే తీసుకపోయిరి. నీకు చెప్పగూడదనుకొంటి" అంది. పది రోజుల తరవాత నాకు అది మళ్ళీ వచ్చింది. ఈసారి తలుపు దగ్గర జుట్టు విరబోసుకుని ఆడమనిషి నిలబడి ఉంది. ఎర్రంచు చీర. అప్పటి నుంచి ఆ రూములో లైటు ఆర్పలేదు. నిద్రంటేనే టెన్షన్. పడుకోవాలంటే భయం, పడుకోకపోతే డ్యూటీలో కళ్ళు మూతలు పడేవి. కన్వేయర్ బెల్టుల మధ్య అది ఎంత ప్రమాదమో పని చేసేవాళ్ళకు తెలుసు.

అమ్మ నన్ను కడప పెద్ద దర్గాకు తీసుకెళ్ళింది. చేతికి తాయెత్తు కట్టారు. ఆ దర్గా అంటే నాకు ఈ రోజుకీ గౌరవమే, అక్కడ కూర్చుంటే మనసు నెమ్మదించిన మాటా నిజమే. తరవాత ఊర్లో తొమ్మిది రోజులు ఉన్నాను. ఒక్కసారి కూడా రాలేదు. పోయిందనుకున్నాం. తిరిగి వచ్చి సి షిఫ్ట్ ఎక్కిన మూడో రోజు పొద్దున, చేతికి తాయెత్తు ఉండగానే, మళ్ళీ వచ్చి గుండెల మీద కూర్చుంది. ఆ రోజు నేను ఏడ్చాను.

దారి చూపించింది మా ల్యాబులో పనిచేసే ఒక పెద్దాయన. "ఎప్పుడెప్పుడు వస్తోందో రాసి పెట్టప్పా, ఊరికే భయపడితే ఏం తెలుస్తుంది?" అన్నాడు. గోడకున్న పంచాంగం క్యాలెండర్ మీద, వచ్చిన రోజున పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన షిఫ్ట్ పేరు, ఎలా పడుకున్నానో రాసేవాణ్ణి. రెండు నెలల్లో 11 సున్నాలు. అందులో 9 సి షిఫ్ట్ ఎక్కిన మొదటి మూడు నాలుగు రోజుల్లోనే. మిగతా 2 చెల్లెలి పెళ్ళి పనుల్లో రెండు రాత్రులు నిద్ర లేనప్పుడు. ఒక్కటి తప్ప అన్నీ వెల్లకిలా పడుకున్నప్పుడే. అమావాస్య గడుల్లో తప్పకుండా ఉంటాయనుకున్నాను. ఒక్క సున్నా కూడా పడలేదు.

ఊర్లో ఆ తొమ్మిది రోజులు ఎందుకు రాలేదో అప్పుడు తట్టింది. అక్కడ నేను రాత్రి తొమ్మిదింటికి పడుకుని తెల్లారి ఆరింటికి లేచాను.

ఆ క్యాలెండర్ కాగితాలు చింపుకుని కడపలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన వాటిని నిదానంగా చూశాడు, అదే నాకు సగం ధైర్యం. గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్ళు సడలిపోతాయా, పట్టపగలు మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోతావా, గురక ఎక్కువా అని అడిగాడు. మొదటి రెండూ ఉంటే నార్కోలెప్సీ అనే జబ్బేమో చూడాలట. నాకు అవేవీ లేవు. చీటీ వెనక మెట్లలాంటి బొమ్మ గీసి చెప్పాడు.

నిద్ర ఒకే తీరుగా సాగదు, మెట్లు దిగినట్టు దశలు దశలుగా లోతుకు పోతుంది. దాదాపు 90 నిమిషాలకొక చుట్టు తిరుగుతుంది. ఒక్కో చుట్టు చివర్లో, మూసిన రెప్పల కింద కనుగుడ్లు గబగబా కదిలే దశ వస్తుంది. దాన్ని ఆర్ఈఎమ్ నిద్ర అంటారు. 1953లో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ దాన్ని లోకానికి చెప్పారు. కళ్ళకు కట్టినట్టుండే కలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. కలలో పరిగెత్తితే మంచం మీద నిజంగా పరిగెత్తకుండా, మెదడు కాండం ఒంటి కండరాలన్నిటినీ సడలించేస్తుంది. కళ్ళను తిప్పే కండరాలకూ, ఊపిరాడించే డయాఫ్రమ్‌కూ మాత్రం మినహాయింపు. ఆ కట్టు వీడకముందే మనిషికి తెలివి వస్తే అదే స్లీప్ పెరాలిసిస్. కొన్ని సెకన్లు, మహా అయితే కొన్ని నిమిషాలు.

ఛాతీ మీద బరువుకు కారణం కూడా అందులోనే ఉంది. పక్కటెముకల మధ్య కండరాలు సడలి ఉంటాయి కాబట్టి, భయంతో గట్టిగా ఊపిరి పీల్చబోతే ఛాతీ లేవదు. ఎవరో కూర్చున్నారనిపిస్తుంది. కదల్లేని ఒంట్లో మెదడు ప్రమాదం ఎక్కడుందా అని వెతుకుతుంది, సగం కల ఇంకా కళ్ళలోనే ఉంటుంది. ఆ రెండూ కలిసి తలుపు దగ్గర మనిషిని నిలబెడతాయి. మరి నాకే ఎందుకు? ఆర్ఈఎమ్ నిద్ర తెల్లవారుజామున, పొద్దున పూట ఎక్కువగా వస్తుంది. రాత్రంతా మేలుకుని సరిగ్గా అదే సమయానికి నడుం వాల్చేవాడు, మెట్లు దిగకుండానే నేరుగా అందులోకి జారే అవకాశం ఎక్కువ. నా ఇరవై నిమిషాల లెక్క అలా తేలింది.

ఎర్రంచు చీర సంగతి నాకు నేనే తేల్చుకున్నాను. ఓనరమ్మ చెప్పకముందు వచ్చినదానికి ముఖం లేదు, జుట్టు లేదు, చీర లేదు. ఆమె మాట విన్నాక అవన్నీ వచ్చాయి. తరవాత చదివితే తెలిసింది, జపాన్‌లో దీన్ని కనాషిబారి అంటారు, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుందంటారు. 1781లో ఫ్యూసెలీ అనే చిత్రకారుడు వేసిన ఒక బొమ్మలో పడుకున్న ఆడమనిషి ఛాతీ మీద చిన్న భూతం కూర్చుని ఉంటుంది. అది చూసి నాకు ఒళ్ళు జలదరించింది. ఆ బరువు అందరిదీ ఒకటే, దానికి తొడిగే బట్టలు మాత్రం ఎవరి ఊరివి వాళ్ళవి. వందలో దాదాపు ఎనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుందని 2011లో వచ్చిన ఒక పరిశీలన లెక్కగట్టింది.

డాక్టరు మందు రాయలేదు. షిఫ్ట్ దిగి వచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోమన్నాడు. రూము కిటికీకి పాత దుప్పటి కట్టాను. రాత్రి రెండు దాటాక టీ మానేశాను. వీపు వెనక దిండు పెట్టుకుని పక్కకు తిరిగి పడుకోవడం అలవాటయ్యేసరికి నెల పట్టింది. వచ్చినప్పుడు పెనుగులాడొద్దన్నాడు, పెనుగులాడేకొద్దీ భయం పెరుగుతుందట. ఊపిరిని దాని దారిన వదిలేసి, మనసంతా ఒక్క చిటికెన వేలి మీద పెట్టాలి. మొదట రెండుసార్లు నావల్ల కాలేదు. మూడోసారి ఎడమచేతి వేలు దుప్పటి అంచును గీకింది. ఆ గరుకు ఇప్పటికీ గుర్తుంది. అంతే, ఒళ్ళంతా వీడిపోయింది. ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తోంది.

ఇదంతా రాయాలనిపించింది మా అవ్వ వల్ల. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఆమెకు చెప్పాను. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పింది, మా చిన్నాయన పుట్టిన నెలలో, రాత్రంతా బిడ్డ ఏడుపుతో నిద్ర లేనప్పుడు, ఆమె గుండెల మీదా ఎవరో కూర్చునేవారట. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందన్నారు. మంత్రగాణ్ణి పిలిపించి, మూడు శుక్రవారాలు వేపమండలతో కొట్టించారు. బాలింతను! పగలో రాత్రో కొంచెం నిద్రపోనిచ్చి, బిడ్డను ఇంకొకరు ఎత్తుకుని ఉంటే సరిపోయేది. ఆ తరవాత ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళలో ఆమెను పసిబిడ్డల దగ్గరికి రానివ్వలేదని మా అమ్మకు కూడా తెలియదు. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. కోపం చూపించడానికి వాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

"అయితే నా ఒంట్లో ఏమీ లేదంటావా నాయనా?" అని అడిగింది అవ్వ.

"ఏమీ లేదవ్వా. అప్పుడూ లేదు."

ఆమె మంచం మీద పక్కకు ఒత్తిగిలి, చెయ్యి నా ముందుకు చాపింది. "ఏ వేలు అంటివి?" అని అడిగింది. చిటికెన వేలు పట్టుకుని చూపించాను. ముడతలు పడిన ఆ వేలిని మెల్లగా ఆడించి, ఇంకోసారి ఆడించి, కళ్ళు మూసుకుంది.