నాయన తాగలేదు

నాయన ఏనాడూ మందు ముట్టలేదు. 2009లో కళ్లు పచ్చబడి, పొట్టలో నీరు చేరి ఆయన పోయినప్పుడు, అనంతపురంలో మా వీధివాళ్లు "చాటుగా తాగేవాడేమో" అనుకున్నారు. ఆ మాట అమ్మ చెవిన పడింది.

పద్నాలుగేళ్లకు నా వంతు వచ్చింది. పదేళ్లుగా షుగరుంది, బరువూ ఎక్కువే. నీరసంగా ఉందని తీయించిన స్కానింగులో కాలేయం గట్టిపడిందని, అందులో రెండు సెంటీమీటర్ల గడ్డ ఉందని తేలింది. బెంగళూరులో క్యాన్సరేనన్నారు. గడ్డ చిన్నది కాబట్టి పక్కటెముకల సందున సూది దించి, రేడియో తరంగాల వేడితో మాడ్చేశారు. మత్తు దిగాక నొప్పి పుట్టింది కడుపులో కాదు, కుడి భుజంలో! కాలేయం మీది పొర నరమూ భుజం నరమూ వెన్నులో ఒకే చోటికి చేరతాయట.

నాయన సంగతి విన్న డాక్టరు జన్యు పరీక్ష రాశారు. ఇది అందరికీ చేయించేది కాదు. పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులో నాకు రెండు ప్రతులూ మార్పు చెందినవే. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లో 148వ స్థానంలో ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంటుంది. అంతటి చిన్న తేడాకే కాలేయ కణాల్లో కొవ్వు కరగక పేరుకుపోతుంది. కొవ్వు వాపుకు, వాపు మచ్చలకు, మచ్చలు క్యాన్సర్‌కు దారితీయవచ్చు. కాలేయపు కొవ్వుతో దీనికున్న సంబంధాన్ని అమెరికాలోని డాలస్ పరిశోధకులు 2008లోనే బయటపెట్టారు. నాయన పోవడానికి ఒక్క ఏడాది ముందు!

ఈ మార్పు ఉన్నవాళ్లలో చాలామందికి క్యాన్సర్ రాదు. స్థూలకాయమో, షుగరో, మద్యమో తోడైతే ముప్పు పెరుగుతుంది. అందుకే ముందు తమ్ముణ్ణి స్కానింగుకు లాక్కెళ్లాను. కొవ్వు ఉంది, గడ్డలు లేవు. ఇప్పుడిద్దరం పొద్దున్నే కలిసి నడుస్తున్నాం. నేను పదకొండు కిలోలు తగ్గాను. ఆరు నెలలకోసారి స్కానింగు, కాలేయ క్యాన్సర్ జాడ చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష తప్పవు. రెండేళ్లుగా కొత్త గడ్డేమీ లేదు.

జన్యు పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు అమ్మ చాటలో వేరుశనగలు పోసుకుని బూజు పట్టినవి ఏరుతోంది. ఆ బూజు విషమూ కాలేయ క్యాన్సర్‌కు కారణమేనని అప్పటికి నాకు తెలిసింది. ఆమె ఎప్పటినుంచో ఏరి పారేస్తూనే ఉంది. పక్కన కూర్చుని చెప్పాను: రెండు ప్రతుల్లో ఒకటి నాయన నుంచి, ఒకటి నీ నుంచి వచ్చాయని.

"మీ నాయన తాగలేదని అందులో రాశారా?"

"ఆ మాట రాయరమ్మా. తాగకపోయినా ఇలా అవుతుందని డాక్టరు చెప్పారు."

అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది. ఆమెకు చదువు రాదు. చాలాసేపు చూసి, మడిచి, బీరువాలో నాయన పంచెల కింద పెట్టింది.