గోవిందవాడ ఇసుక నుంచి బాండన్ ఇసుకకు

పోయిన ఆగస్టులో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికాకు ఫోన్ చేశాను. అక్కడప్పుడు పొద్దున తొమ్మిది. ఓరెగాన్ రాష్ట్రంలో పసిఫిక్ సముద్రం ఒడ్డున బాండన్ డ్యూన్స్ అని ఒక గోల్ఫ్ రిసార్టు ఉంది. అక్కడ గదులు, టీ టైములు (ఆట మొదలుపెట్టే వేళలు) కావాలని అడగడానికి. పక్కన మా ఆవిడ చెనిక్కాయలు ఒలుస్తా కూర్చుంది. ఫోన్ పెట్టేశాక అడిగింది: "ఇసుక చూసేదానికి అంత దూరం పోవల్లనా? మీ ఊర్లో లేదా?"

ఆమె అడిగింది న్యాయమే. మాది బొమ్మనహాళ్ మండలం, గోవిందవాడ. పక్కనే వేదవతి నది, మేం హగరి అంటాం. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో నీళ్ళుండవు, ఇసుకే ఉంటుంది. నైరుతి గాలులు మొదలైతే ఆ ఇసుక లేచి చేల మీదికి వస్తుంది. మా నాయన విత్తిన చేనికి పది రోజుల తర్వాత పోతే మొలకలు కనబడేవి కావు, గట్టు ఎక్కడుందో తెలిసేది కాదు. గాలి రోజుల్లో మా అవ్వ సంగటి ముద్ద మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తినమనేది. మూడెకరాలు ఇసుక మేట కింద పోయాక నాయన నన్ను అనంతపురం హాస్టల్లో చేర్చాడు. ఆర్ట్స్ కాలేజీ, బ్యాంకు పరీక్ష, బెంగళూరు ఉద్యోగం, అన్నీ ఆ మేట తర్వాతి సంగతులే.

గోల్ఫ్ నాకు బెంగళూరులోనే అబ్బింది. నలభై దాటాక తోటి ఆఫీసరు ఒకాయన బంతులు కొట్టడం సాధన చేసే డ్రైవింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాడు. మొదటి బుట్టలో యాభై బంతులుంటే నాలుగు సరిగ్గా తగిలాయి. ఆ నాలుగూ తగిలినప్పుడు చేతులకు వచ్చిన హాయి కోసం తర్వాత ప్రతి ఆదివారం పోయాను. కొడుకునూ తీసుకుపోయేవాణ్ణి. వాడిప్పుడు పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉంటాడు, నాకంటే బాగా ఆడతాడు.

2009లో టీవీలో ఓపెన్ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ చూశాను. స్కాట్లాండులో టర్న్‌బెరీ, అదీ సముద్రం ఒడ్డే. 59 ఏళ్ళ అమెరికా ఆటగాడు టామ్ వాట్సన్ చివరి హోల్లో (బంతి వేయాల్సిన గుంతలో) పార్ చేస్తే, అంటే ఆ హోల్‌కు పెట్టిన లెక్క దెబ్బల్లో ముగిస్తే, గెలిచినట్టే. బంతి బాగానే కొట్టాడు. అది గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పడి, గట్టి నేల కాబట్టి ఆగకుండా దొర్లి అవతలికి పోయింది. దాంతో ఇద్దరి లెక్కా సమమై, ప్లేఆఫ్‌లో స్టీవర్ట్ సింక్ గెలిచాడు. వాట్సన్ ఓడినందుకు రాత్రి నిద్ర పట్టలేదు గాని, నా కళ్ళల్లో నిలిచిపోయింది ఆ నేల. పచ్చగా తివాచీ పరిచినట్టు లేదు. ఎండు గడ్డి, గుట్టలు, మిట్టపల్లాలు, గాలికి రెపరెపలాడే జెండా. హగరి ఒడ్డున గడ్డి మొలిస్తే ఇట్లాగే ఉంటుంది కదా అనిపించింది.

అలాంటి నేలనే లింక్స్ అంటారు. సముద్రానికీ సాగు భూమికీ మధ్య ఉండే ఇసుక నేల. దున్నితే పంట రాదు, అందుకని గొర్రెలకు వదిలేశారు. గాలికి ఓర్వలేక గొర్రెలు ఒదిగి పడుకున్న గుంతలే తర్వాత బంకర్లు (బంతికి అడ్డం ఉండే ఇసుక గుంతలు) అయ్యాయని అక్కడ చెప్పుకుంటారు. వాన పడితే నీళ్ళు నిలవవు, నేల గట్టిగా ఉంటుంది, బంతి గాల్లో ఎంత పోతుందో నేల మీదా అంత దొర్లుతుంది. గొర్రెలు, ఇసుక, గాలి. మా ఊరివాళ్ళకు ఇందులో కొత్తేముంది?

స్కాట్లాండే పోదామని మొదట అనుకున్నాం. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆడాలంటే బ్యాలెట్ అని ఒక లాటరీ ఉంటుంది. రెండు రోజుల ముందు పేర్లు ఇస్తే, వస్తే వచ్చినట్టు. ఆదివారం ఆట ఉండదు, ఊరి జనం కోర్సు మీద తిరుగుతారు. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. కానీ మోకాళ్ళ నొప్పితో, నాలుగు రోజుల సెలవు మీద వచ్చే కొడుకుతో, లాటరీ నమ్ముకుని అంత దూరం పోలేం. కొడుకుండేది ఓరెగాన్‌లోనే కాబట్టి బాండన్ ఖాయమైంది.

బాండన్ కథ నాకు ఇష్టం. రీసైకిల్ చేసిన కాగితం మీద గ్రీటింగ్ కార్డులు అచ్చేసి అమ్మిన మైక్ కైజర్ అనే షికాగో వ్యాపారి, ఎవరికీ పట్టని ఆ ఇసుక గుట్టలు కొన్నాడు. అప్పటికి పెద్దగా పేరులేని డేవిడ్ మెక్‌లే కిడ్ అనే స్కాట్లాండు కుర్రాడికి పని అప్పగించాడు. 1999లో మొదటి కోర్సు తెరిచారు. 2001లో టామ్ డోక్ చేసిన పసిఫిక్ డ్యూన్స్ వచ్చింది. ఇప్పుడు పద్ధెనిమిది హోళ్ళ కోర్సులే అయిదు. అందరూ నడిచే ఆడాలి. వైద్య కారణం ఉంటే తప్ప బండి ఇవ్వరు. ఈ ఒక్క నియమం చదివాకే నేను ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున నడక మొదలుపెట్టాను. పద్ధెనిమిది హోళ్ళ ఒక రౌండ్ అంటే దగ్గర దగ్గర పది కిలోమీటర్లు, అదీ ఎగుడుదిగుడు నేల మీద.

బుకింగ్ సంగతి చెబుతా, వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుంది. మంచి నెలలు ఏడాది ముందే నిండిపోతాయి, అందుకే ఈ సెప్టెంబరు కోసం పోయిన ఆగస్టులోనే ఫోన్ చేశాను. వేసవిలో అక్కడ ఉత్తరపు గాలి గట్టిగా వీస్తుంది, మధ్యాహ్నానికి ఇంకా పెరుగుతుంది. చలికాలంలో తుఫాన్లతో దక్షిణం నుంచి వస్తుంది. రెండింటి మధ్య సెప్టెంబరు కాస్త నెమ్మది. అందుకే సెప్టెంబరు, అందుకే పొద్దున టీ టైములు. గదులు, ఆట టైములు కలిపి ఒకేసారి మాట్లాడుకుంటే మంచిది. గది దొరికి టైము దొరక్కపోతే సముద్రం చూసి రావాల్సిందే.

నేనొక పొరపాటు చేశాను. ఫోన్ తర్వాత తేదీలు రాసి పంపమంటే 10/09 అని పంపాను. సెప్టెంబరు పది అని నా ఉద్దేశం. అక్కడ నెల ముందు రాస్తారు కాబట్టి అక్టోబరు తొమ్మిదికి లెక్కకట్టి కాగితం వచ్చింది. కొడుకు చూసి చెప్పేదాకా నేను గమనించలేదు. ఆ రాత్రంతా టెన్షన్. మర్నాడు మళ్ళీ తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తే సెప్టెంబరు పదికి రిసార్టులోని లిలీ పాండ్ గదులు ఇంకా ఉన్నాయన్నారు. ఊపిరి పీల్చుకున్నాను. మీరు మాత్రం నెల పేరు అక్షరాల్లో రాయండి.

విమానం టికెట్ల దగ్గర ఇంకో తలనొప్పి. ఏజెంటు ఒకతను శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం మారడానికి గంట కూడా లేని టికెట్లు తెచ్చాడు. ఇమిగ్రేషన్ వరుసలో నిలబడి, గోల్ఫ్ బ్యాగు దించుకుని, మళ్ళీ ఇచ్చి, ఇంకో విమానం ఎక్కాలి. అరవై దాటిన మొగుడూపెళ్ళాలు గంటలో ఇవన్నీ ఎట్లా చేస్తారు? రద్దు చేయించి నాలుగు గంటల వ్యవధి ఉన్నవి తీసుకున్నాం. కొంత డబ్బు పోయింది. వీసా మాత్రం కొడుకు చదువు పట్టా తీసుకునేటప్పుడు వచ్చిన పదేళ్ళదే ఉంది. అది లేనివాళ్ళు ముందు దాని సంగతి తేల్చుకుని తర్వాతే రిసార్టుకు డబ్బు కట్టండి.

పోర్ట్‌లాండ్ నుంచి బాండన్ కారులో నాలుగున్నర గంటలు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి, బాండన్ పక్కనే ఉన్న నార్త్ బెండ్‌కు చిన్న విమానం ఉంది గాని, నేను కారే కావాలన్నాను. దారి కాస్త ఎక్కువైనా ఫ్లోరెన్స్ మీదుగా పోదామన్నాను. ఆ ఊరి నుంచి కూస్ బే దాకా నలభై మైళ్ళు ఒడ్డు పొడుగునా ఇసుక దిబ్బలే. అక్కడ కూడా ఒకప్పుడు ఇసుక రోడ్ల మీదికి, ఇళ్ళ మీదికి వచ్చేది. దాన్ని ఆపడానికి ఐరోపా నుంచి ఒక రకం గడ్డి తెచ్చి నాటారు. ఆ గడ్డిని ఇసుక ఎంత కప్పితే అంత పైకి పెరుగుతుంది, కింద వేళ్ళు అల్లుకుని దిబ్బను కట్టేస్తాయి. మా నాయన చేని చుట్టూ కిత్తనార పెట్టి, రెల్లు దుబ్బులు తెచ్చి నాటి చేయాలని చూసింది అదే. మన దగ్గర నీళ్ళు లేక దుబ్బులు నిలవలేదు. అక్కడ మరీ ఎక్కువగా నిలిచిపోయి, ఇసుకలో గుడ్లు పెట్టే చిన్న పిట్టలకు చోటు లేకుండా పోయిందట, ఇప్పుడు కొన్ని చోట్ల పీకేస్తున్నారు. ఆ గడ్డి దుబ్బు ఒకటి చేత్తో పట్టుకుని చూడాలి నాకు.

గోర్స్ అని ఇంకో మొక్క. పసుపు పూలు, ఒళ్ళంతా ముళ్ళు. ఐర్లండు నుంచి వచ్చి అక్కడ స్థిరపడినాయన తెచ్చాడు. అచ్చం మన సర్కారు తుమ్మ లాగా ఊరంతా అల్లుకుపోయింది. దానిలో నూనె ఉంటుంది. 1936లో అడవి మంట దానికి అంటుకుని బాండన్ ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. బంతి ఆ పొదల్లో పడితే చెయ్యి పెట్టొద్దని కొడుకు ఇప్పటినుంచే హెచ్చరిస్తున్నాడు.

మూడు రోజులు, మూడు రౌండ్లు. మొదటి రోజు బాండన్ డ్యూన్స్, రెండో రోజు పసిఫిక్ డ్యూన్స్, మూడో రోజు షీప్ రాంచ్. ఓపికుంటే ఒక సాయంత్రం ప్రిజర్వ్, అది పదమూడు చిన్న హోళ్ళది. షీప్ రాంచ్‌లో ఒక్క ఇసుక బంకరూ లేదు, గాలే అక్కడ అడ్డం. కానీ నేను రోజులు లెక్కపెట్టేది పసిఫిక్ డ్యూన్స్ పదమూడో హోల్ కోసం. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క కొండంత ఇసుక దిబ్బ. ఫోటో చూసినప్పుడల్లా మా చేని చివర నిలబడినట్టే ఉంటుంది. మొదటి రోజు బ్యాగు మోసే క్యాడీ కావాలని ముందే చెప్పి పెట్టాం. నేల వాలు, గాలి వాటం తెలిసిన మనిషి పక్కనుంటే ఆ నేల నాలుగింతలు అర్థమవుతుంది.

మా ఆవిడ ఆడదు. ఆమెకు ఫేస్ రాక్ అనే సముద్రపు బండ దగ్గర ఒడ్డున నడక, తర్వాత క్రాన్‌బెర్రీ తోటలు. బాండన్ వాటికి పేరు. కోడలు క్రాన్‌బెర్రీలతో పప్పు చేస్తుంది, అచ్చం వాక్కాయ పప్పు పులుపే. అక్కడ ఎండాకాలంలో కూడా పద్ధెనిమిది, ఇరవై డిగ్రీలే అని తెలిశాక ఆమె రెండు స్వెట్టర్లు, నాకో మంకీ క్యాపు పెట్టెలో పెట్టేసింది.

అనంతపురంలో గోల్ఫ్ కోర్సు లేదు. అందుకని జూన్‌లో గాలి లేచినప్పటి నుంచి ఆదివారాలు ఊరికి పోయి, హగరి ఒడ్డున సెవెన్ ఐరన్ అనే కర్రతో బంతిని ఎత్తు లేవకుండా కొట్టడం సాధన చేస్తున్నాను. గాలికి ఎదురు ఎత్తుగా కొడితే బంతి తిరిగి మన దగ్గరికే వస్తుంది. కర్రను కాస్త కిందికి పట్టుకుని సగం ఊపే ఊపాలి. పోయిన వారం బంతి ఇసుకలో దిగబడితే దగ్గరికి పోయి వంగాను. గాలికి ఎదురుగా ఉన్న పక్క ఇసుక కోసుకుపోతోంది, వెనక పక్క సన్నగా తోక లాగా పేరుకుంటోంది. జానెడు తోక. నేను చూస్తుండగానే ఇంకో వేలెడు పెరిగింది. మా మూడెకరాల మీదికి దిబ్బ వచ్చిందీ ఇట్లాగే, ఒక దుబ్బు వెనకో, ఒక రాయి వెనకో. అరవై రెండేళ్ళకు అది మొదలయ్యే చోటు మొదటిసారి చూశాను.

గొర్రెలు కాసే పిల్లోడొకడు చాలాసేపటి నుంచి నిలబడి చూస్తున్నాడు. "తాతా, దాన్ని తియ్యాల్నా?" అన్నాడు. "కాసేపు ఉండనీ నాయనా" అన్నాను. ఇద్దరం కూర్చుని చూశాం. బంతి సగం మునిగాక వాడే తీసి, చొక్కాకు తుడిచి ఇచ్చాడు. పేరు అడిగాను, స్కూలు అడిగాను. ఈ ఆదివారం కూడా వస్తానన్నాను. నిన్న ఊరి నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు, మూడు రోజులుగా గాలి ఆగడం లేదట. పొద్దున ఆరు గంటల బస్సుకు పోతున్నాను.