రెండు క్యాపులు పేలినా మందు అంటుకోలేదు

శనివారం రాత్రి, పదకొండు దాటింది. చేతులు మూడుసార్లు కడుక్కున్నా వేళ్ల సందుల్లో ఇంకా కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోంది. నల్ల తుపాకీ మందు కాల్చిన రోజు ఇంతే, మసిలో మిగిలిన గంధకపు లవణాలకి నీళ్లు తగిలితే ఈ వాసన లేస్తుంది. పడుకునే ముందు ఈరోజు జరిగింది రాసిపెట్టాలి, లేకపోతే మళ్లీ అదే తప్పు చేస్తాను.

పొద్దున ఎనిమిదికల్లా తుపాకీ కాల్చే రేంజికి చేరాను. మేముండే అమెరికాలోని ఇండియానాలో గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకులంటే చాలామందికి ప్రాణం. 1933లో మొదలైన వాళ్ల జాతీయ సంఘం మైదానం కూడా ఈ రాష్ట్రంలోనే, ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో ఉంది. నాది హాకెన్ తరహా రైఫిల్, అంటే పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ వేట తుపాకీ నమూనా, అర అంగుళం బోరు. పక్కన సుత్తి, సుత్తి కింద నిపుల్ అనే రంధ్రమున్న బొడిపె, నిపుల్ మీద గింజంత రాగి క్యాపు, పదకొండో నంబరు. సుత్తి దెబ్బకి పేలి మందుకి నిప్పందించేది ఆ క్యాపే.

70 గ్రెయిన్ల (దాదాపు నాలుగున్నర గ్రాముల) మందు పోసి, మందపాటి గుడ్డముక్కలో సీసపు గుండు పెట్టి కడ్డీతో కిందిదాకా దించి, క్యాపు తొడిగి ట్రిగ్గర్ లాగాను. టప్‌మని క్యాపు పేలింది, అంతే, ఇంకేం లేదు. ఇలాంటప్పుడు తుపాకీ దించకూడదు. లోపల ఎక్కడైనా నిప్పు రాజుకుంటూ ఉంటే ఆలస్యంగా పేలుతుంది, అందుకని మూతి టార్గెట్ వైపే ఉంచి నిమిషం పైనే నిలబడ్డాను. ఇంకో క్యాపు పెట్టాను. మళ్లీ టప్. చెమటలు పట్టేశాయి.

రేంజిలో ఎప్పుడూ ఉండే పెద్దాయన ఒకరు దగ్గరికొచ్చి ఒకటే ప్రశ్న అడిగారు, "ఇంట్లో దీన్ని ఎలా నిలబెడతావు?" మూతి పైకే పెట్టి గది మూలన నిలబెడతానని చెప్పాను. కిందటిసారి కడిగాక నూనె బాగా పట్టించావా అన్నారు. బాగానే పట్టించానన్నాను. ఆయన తలూపారు. ఆ నూనె రెండు వారాల్లో మెల్లగా జారి అడుగున చేరింది, అక్కడినుంచి నిప్పు దారిలోకి దిగింది.

ఆ దారి గురించి చెప్పుకోవాలి. క్యాపు మంట నేరుగా మందు మీద పడదు. నిపుల్‌లోని సన్నటి రంధ్రం దాటి, మలుపు తిరిగి, ఇంకో సన్నటి గొట్టంలోంచి మందు దాకా పోవాలి. పైగా నా తుపాకీలో అడుగున మందు కూర్చునే గది బోరు కన్నా ఇరుకు, మామూలుగా తుడిచే గుడ్డ అక్కడిదాకా పోనే పోదు. అక్కడ ఒక్క నూనె చుక్క చాలు, కొంచెం మసి ముద్ద చాలు. మందు కూరే ముందు ఖాళీ తుపాకీ మీద ఒకటి రెండు క్యాపులు పేల్చేది ఆ దారి ఆరడానికే. నేనూ ఒకటి పేల్చాను, కానీ మూతి ముందు గడ్డిపరక కదిలిందో లేదో చూడలేదు. గడ్డి ఊగితే దారి తెరిచి ఉన్నట్టు. అంత చిన్న పని ఎందుకు వదిలేశానో నాకే అర్థం కావట్లేదు.

మూతి టార్గెట్ వైపే ఉంచి, ఆయన పక్కనుండి చెబుతుంటే నిపుల్ విప్పాను. సన్నటి తీగతో పొడిచి, దాని కింది రంధ్రంలో చిటికెడు మందు వేసి మళ్లీ బిగించి కొత్త క్యాపు పెడితే ఈసారి ధన్‌మని పేలింది. ఆ తెల్లటి పొగ చూశాక గానీ ఊపిరి తిరగలేదు. తర్వాత పదిహేనుసార్లు కాల్చాను, ఒక్కటీ తప్పలేదు. మధ్యమధ్యలో కాస్త తడిపిన గుడ్డతో తుడిచాను, మరీ తడిగా ఉంటే మసంతా అడుగుకే తోసుకుపోతుంది.

సాయంత్రం గరాజ్‌లో కడగడానికి కూర్చున్నాను. పక్క మేకు లాగితే బారెల్ కొక్కెంలోంచి లేచి చేతికొస్తుంది. నిపుల్ తీసేసి, ఆ చివర బకెట్లో గోరువెచ్చని నీళ్లలో ముంచి, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి, పైనుంచి గుడ్డ చుట్టిన కడ్డీ ఆడిస్తే పంపు కొట్టినట్టే, నీళ్లు నిపుల్ రంధ్రంలోంచి లోపలికి వచ్చి పోతుంటాయి. రెండు నిమిషాల్లో బకెట్ అంతా సిరా. మరిగే నీళ్లు పోసేవాళ్లున్నారు, నాకు అది నచ్చదు, ఇనుము కాలి ఆరేలోపే లోపల నారింజరంగు తుప్పు కనిపిస్తుంది. నల్ల తుపాకీ మందు కాలాక సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది, అది గాలిలోని తేమను లాగేస్తుంది, కాబట్టి ఎంత అలిసిపోయినా రేపు కడుగుదాం అనుకోకూడదు.

కడుగుతుండగా నాన్న ఫోన్. ఆయన చరిత్ర మాస్టారు, రిటైరయ్యారు. "ఆ గుండు చుట్టే గుడ్డకి ఏం రాస్తావురా?" అని అడిగారు. తేనెమైనం, ఆముదం కలిపి రాస్తానన్నాను. పెట్రోలియం గ్రీజు అయితే మసితో కలిసి తారులా గట్టిపడుతుంది. నాన్న కాసేపు ఆగి, 1857లో సిపాయిలకిచ్చిన ఎన్‌ఫీల్డ్ కూడా ఇలాంటిదే కదరా, క్యాపుతో పేలేదే, దాని తూటాలకి ఆవు కొవ్వు, పంది కొవ్వు రాశారన్న అనుమానమే కదా అంత దూరం పోయింది అన్నారు. అప్పటిదాకా నా గుడ్డముక్కనీ ఆ తూటానీ ఎప్పుడూ కలిపి చూడలేదు. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు అదే ఆలోచన.

గుడ్డలు తెల్లగా వచ్చేదాకా తుడిచాను. సన్నటి బ్రష్‌తో అడుగు గదిని, పైప్ క్లీనర్‌తో మంట దారిని ఆరబెట్టి, నిపుల్ రంధ్రానికి టార్చి పెట్టి మూతిలోంచి వెలుగు చూశాను. నిపుల్ మరలకి కాస్త గ్రీజు రాశాను, లేకపోతే మళ్లీ ఊడిరాదు. బారెల్ లోపల నూనె పల్చగా పట్టించి, ఈసారి మూతి కిందికి పెట్టి పాత న్యూస్‌పేపర్ మీద నిలబెట్టాను.

ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. పేపర్ మీద అర్ధరూపాయి బిళ్లంత నూనె మరక. పోయినసారి ఇదంతా అడుగుకి దిగింది.