పాయింట్లను నిమిషాలతో భాగిస్తే

జట్టులో 12 మందికే చోటు. 11 పేర్లు ఖరారయ్యాయి. మిగిలిన ఒక్క చోటుకు 7వ నంబరు అమ్మాయి, 14వ నంబరు అమ్మాయి పోటీలో ఉన్నారు. పదహారేళ్లలోపు బాలికల బాస్కెట్‌బాల్ జట్టుకు స్కోర్‌షీట్లు రాసేది నేనే కాబట్టి, "అంకెలన్నీ మీ దగ్గరే ఉన్నాయి కదా, ఇద్దరిలో ఎవరు మెరుగో మీరే చూసి చెప్పండి" అన్నారు కోచ్. అరగంట పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

నిజానికి మొదటి అరగంటలోనే ఒక జవాబు వచ్చింది. 7వ నంబరు 12 మ్యాచ్‌లలో 126 పాయింట్లు చేసింది, సగటు 10.5. 14వ నంబరు 10 మ్యాచ్‌లలో 55, సగటు 5.5. ఇక చూడటానికి ఏముంది అని కాగితం మడవబోతూ ఆగాను. మొదటి అమ్మాయి ప్రతి మ్యాచ్‌నూ కోర్టులోనే మొదలుపెడుతుంది. రెండో అమ్మాయి బెంచీ మీద కూర్చుని, ఎవరికైనా ఆయాసం వస్తే లేస్తుంది. ఎక్కువసేపు ఆడిన మనిషికి ఎక్కువ పాయింట్లు రావడంలో వింతేముంది?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చూసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. జెర్మెయిన్ ఓనీల్ 1999-2000 సీజన్‌లో పోర్ట్‌లాండ్ తరఫున మ్యాచ్‌కు 12 నిమిషాలు ఆడి 3.9 పాయింట్లు, 3.3 రీబౌండ్లు (గురి తప్పిన షాట్ల తరువాత పట్టుకున్న బంతులు) సాధించాడు. చూస్తే సోదిలో లేని అంకెలు. అవే 36 నిమిషాలకు లెక్కకడితే 11 పాయింట్లు, పదికి కాస్త తక్కువగా రీబౌండ్లు. మరుసటి ఏడాది ఇండియానాకు మారాక సుమారు 33 నిమిషాలు ఆడనిచ్చారు. 12.9 పాయింట్లు, 9.8 రీబౌండ్లు వచ్చాయి. అతను ఒక్క వేసవిలో మారిపోలేదు, సమయం దొరికింది. మా 14వ నంబరు కూడా అలాంటిదేనేమో అనిపించింది.

అయితే నా దగ్గర నిమిషాలు లేవు. మేము వాడే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) స్కోర్‌షీట్‌లో ఆటగాళ్ల పేర్ల పక్కన కోర్టులోకి దిగినట్టు ఒక ఇంటూ గుర్తు పడుతుంది, మొదటి ఐదుగురికైతే దాని చుట్టూ ఒక సున్నా. పాయింట్లుంటాయి, ఫౌళ్లుంటాయి. ఎంతసేపు ఆడారన్నది మాత్రం ఎక్కడా ఉండదు. రీబౌండ్లు నేను వేరే నోటుపుస్తకంలో రాసుకుంటాను. నిమిషాలు రాయాలన్న ఆలోచన సీజన్ మొత్తంలో ఒక్కసారి కూడా రాలేదు. అదృష్టం కొద్దీ మ్యాచ్‌లన్నిటికీ వీడియోలు ఉన్నాయి.

మొదటి వీడియోకు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను. మొదటి సగం పూర్తయ్యేసరికి 7వ నంబరు 31 నిమిషాలు ఆడినట్టు వచ్చింది. సగం ఆట అంటేనే 20 నిమిషాలు! బంతి బయటికి పోయినా, ఫౌలు ఊదినా ఆట గడియారం ఆగుతుంది, నా ఫోను మాత్రం ఆగదు. ఆ సాయంత్రం శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు. మళ్లీ మొదటికి వచ్చి, వీడియోలో కనిపించే స్కోరుబోర్డు గడియారాన్నే నమ్ముకున్నాను. 6:42 మిగిలి ఉండగా దిగింది, 1:15 ఉండగా బయటికొచ్చింది, అంటే 5:27. ఇలా మ్యాచ్ తరువాత మ్యాచ్.

అక్కడా ఒక తప్పు చేశాను. 5:27ను కంప్యూటర్‌లో 5.27 అని కొట్టాను. ఐదు నిమిషాల 27 సెకన్లంటే 5.45 నిమిషాలు. ఒక్కచోట చిన్న తేడాయే, కానీ పదేపదే దిగి బయటికొచ్చే బెంచీ అమ్మాయి లెక్కలో ఈ తేడాలన్నీ పోగుపడతాయి. నిమిషాలు తగ్గి, రేటు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. నేను మెచ్చాలనుకున్నవైపే తప్పు కూడా మొగ్గడం వల్ల కాబోలు, రెండు రోజుల దాకా అనుమానమే రాలేదు.

పట్టిచ్చింది 200 అనే అంకె. కోర్టులో ఎప్పుడూ ఐదుగురు ఉంటారు, ఆట 40 నిమిషాలు. అదనపు సమయం లేకపోతే జట్టులో అందరి నిమిషాలూ కలిపి 200 కావాలి, ఒక్కటి ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. నాకు ఒక్క మ్యాచ్‌లోనూ 200 రాలేదు. సెకన్ల లెక్క సరిచేశాక అన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప. అందులో 193 దగ్గర ఆగింది. వెతికితే ఫ్రీత్రోల (ఫౌలుకు ఇచ్చే ఉచిత షాట్ల) మధ్యలో జరిగిన ఒక మార్పు దొరికింది. కెమెరా పట్టుకున్నవారు ఆ క్షణంలో ప్రేక్షకులను చూపిస్తున్నారు.

చివరికి నిమిషాలు తేలాయి: 7వ నంబరు 336, 14వ నంబరు 110. ఎన్‌బీఏలో మ్యాచ్ 48 నిమిషాలు, ముఖ్యమైన ఆటగాళ్లు ఇంచుమించు 36 ఆడతారు కాబట్టి అక్కడ 36కు లెక్కకట్టే అలవాటు. మా ఆట 40 కాబట్టి నేను 40 తీసుకున్నాను. పాయింట్లు 7వ నంబరుకు 15.0, 14వ నంబరుకు 20.0. రీబౌండ్లు 7.1, 13.1. ఇద్దరిదీ ఒకే జట్టు కావడం మేలైంది. వేరే జట్లవారిని పోల్చాలంటే ఆట వేగం కూడా చూడాలి. ఎన్‌బీఏలోనే 2003-04లో ఒక జట్టుకు మ్యాచ్‌కు సుమారు 90 పొజెషన్లు (బంతి చేతికొచ్చి దాడి చేసే అవకాశాలు) ఉండేవి, 2018-19కి అవి సుమారు 100 అయ్యాయి. నిమిషాలు అవే, అవకాశాలు వేరు.

ఉత్సాహంగా కాగితం తీసుకెళ్లి కోచ్ చేతిలో పెట్టాను. ఆయన ఒక్క నిమిషం చూసి, "నేను ఈ అమ్మాయిని 11 నిమిషాలే ఎందుకు ఆడించానో కూడా ఇందులో రాయండి" అని తిరిగిచ్చేశారు. కోపం వచ్చిన మాట దాచను. ఇంటికెళ్లాక మాత్రం బోబన్ మర్యనోవిచ్ అనే ఎన్‌బీఏ ఆటగాడు గుర్తొచ్చాడు. ఏడడుగులు దాటిన మనిషి. 2015-16లో శాన్ ఆంటోనియో తరఫున 9.4 నిమిషాల్లో 5.5 పాయింట్లు, 36కు చూస్తే 21. ఆ తరువాత ఎన్ని జట్లు మారినా ఏ సీజన్‌లోనూ సగటున 20 నిమిషాలు ఆడలేదు. బంతి నడిపే చురుకైన గార్డులు అతన్ని బుట్టకు దూరంగా లాగితే ఆ కాళ్లు అందుకోలేవు. భాగహారానికి ఆ సంగతి తెలియదు.

మళ్లీ వీడియోల ముందు కూర్చున్నాను. ఈసారి స్కోరు తేడా 20 దాటిన సమయాన్ని విడదీశాను. అప్పటికి గెలుపోటములు తేలిపోయి ఉంటాయి, ఎదుటివాళ్లూ బెంచీ అమ్మాయిలనే దింపుతారు. 14వ నంబరు ఆడిన 110 నిమిషాల్లో 48 అలాంటివే. అందులోనే 31 పాయింట్లు. మిగిలిన 62 నిమిషాల్లో 24, అంటే 40కి 15.5. ఇదే కత్తెర 7వ నంబరుకూ వేస్తే ఆమెకు పోయింది 20 నిమిషాలే, రేటు 15.2కు వచ్చింది. అంత పెద్ద తేడా కాస్తా ఇంతైంది. పైగా ఆ 62 నిమిషాల్లో ఒక్క మూడు పాయింట్ల షాట్ తప్పి ఉంటే 15.5 కాస్తా 13.5. అదే 7వ నంబరుకైతే 0.4 తగ్గేది. ఇంత తక్కువ సమయం మీద దశాంశాలు రాయడమే అతి.

రీబౌండ్లు మాత్రం కదల్లేదు. గట్టి పోటీ ఉన్న 62 నిమిషాల్లో 20 పట్టింది, 40కి 12.9. తేలికపాటి 48 నిమిషాల్లో 13.3. ఎదురుగా ఎవరున్నా బంతి ఆమె చేతికే వస్తోంది. నేను పాయింట్ల మోజులో ఆ వరుసను చూసీ చూడనట్టు వదిలేశాను.

ఫౌళ్లూ అంతే. 110 నిమిషాల్లో 22, 40కి 8. మా ఆటలో ఐదో ఫౌలుకు బయటికి పోవాలి. ఈ లెక్కన ఆమె 40 నిమిషాలు ఆడటమన్నది కాగితం మీద మాటే, సగటున 25వ నిమిషానికల్లా బెంచీ మీద ఉంటుంది. 7వ నంబరుకు 40కి 3.3 ఫౌళ్లే, చివరిదాకా నిలుస్తుంది. కొత్త కాగితంలో ఇవన్నీ రాసి, 14వ నంబరు వయసులో ఏడాది చిన్నదన్న ముక్క కూడా కింద చేర్చాను. ఆ వయసులో ఏడాది అంటే మాటలు కాదు.

ఈసారి కోచ్ కాగితం తిరిగివ్వలేదు. ఆ ఆదివారం ప్రాక్టీసు మ్యాచ్‌లో 14వ నంబరును మొదటి ఐదుగురిలో దింపారు. పాయింట్లు 7, రీబౌండ్లు 8. ఐదో ఫౌలు ఊదేసరికి ఆమె 24 నిమిషాలు ఆడింది. కోచ్ తల తిప్పి స్కోరర్ల బల్ల వైపు చూశారు. నేను పుస్తకంలోకి తలవంచి ఆ నిమిషం నమోదు చేసుకున్నాను. జట్టులో రీబౌండ్లు పట్టేవాళ్లు తక్కువగా ఉన్నారని 12వ చోటు ఆమెకే ఇచ్చారు.