స్కేల్ చూడకుండా పెర్ఫ్‌మాన్ గ్రాఫ్ చదవకండి

విండోస్‌లో ఏ ప్రాసెస్ సీపీయూ తినేస్తోందో చూడడానికి టాస్క్ మేనేజర్ చాలు. కానీ సీపీయూ 15 శాతం దగ్గరే ఉంటుంది, మెమరీ సగం ఖాళీగా ఉంటుంది, అయినా మౌస్ నొక్కిన మూడు సెకన్లకు గానీ విండో తెరుచుకోదు. ఇలాంటప్పుడు పనికొచ్చేది పెర్ఫార్మెన్స్ మానిటర్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, పెర్ఫ్‌మాన్ (perfmon) అని టైప్ చేసి ఎంటర్ కొడితే వస్తుంది. ఎడమవైపు మానిటరింగ్ టూల్స్ కింద పెర్ఫార్మెన్స్ మానిటర్ మీద నొక్కితే ఒకే ఒక్క గీత, అదీ సీపీయూదే, కదులుతూ కనిపిస్తుంది. ఇది చూసి "ఇంతేనా" అని మూసేసేవాళ్లే ఎక్కువ.

మన వ్యూ, అంటే ఏ గీతలు ఏ స్కేల్‌లో కనబడాలన్న అమరిక, మనమే కట్టుకోవాలి. దానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉండాలి. "సిస్టమ్ ఎలా ఉంది" అని ముప్పై కౌంటర్లు (ఒక్కో విషయాన్ని కొలిచే అంకెలు) గుమ్మరిస్తే రంగు దారాల ఉండ తప్ప ఇంకేమీ కనబడదు. "ఆగిపోతున్నప్పుడు డిస్క్ కోసం ఎదురుచూస్తోందా?" అనేది మంచి ప్రశ్న. దీనికి ఆరు కౌంటర్లు సరిపోతాయి: ప్రాసెసర్‌లో % ప్రాసెసర్ టైమ్, సిస్టమ్‌లో ప్రాసెసర్ క్యూ లెంగ్త్ (సీపీయూ కోసం వరుసలో ఎదురుచూస్తున్న పనులు), మెమరీలో అవైలబుల్ ఎంబైట్స్ (ఖాళీ మెమరీ, ఎంబీల్లో), ఫిజికల్ డిస్క్‌లో యావరేజ్ డిస్క్ సెకండ్/రీడ్, సెకండ్/రైట్, % ఐడిల్ టైమ్.

% డిస్క్ టైమ్ ఎందుకు లేదంటారా? పేరు చూసి అందరూ మోసపోయేది దాని దగ్గరే. అది క్యూ పొడవు మీద ఆధారపడిన లెక్క కాబట్టి 100 దాటి 300 కూడా చూపిస్తుంది. డిస్క్ నిజంగా ఎంతసేపు ఖాళీగా ఉందో % ఐడిల్ టైమ్ చెబుతుంది. అది సున్నా దగ్గర పడుకుంటే డిస్క్‌కు ఊపిరాడడం లేదన్నమాట. మెమరీలో పేజెస్/సెకండ్ కూడా ఇలాంటిదే. మెమరీ చాలక జరిగే పేజింగ్‌తో (ర్యామ్‌కు, డిస్క్‌కు మధ్య డేటాను అటూఇటూ మార్చడం) పాటు మామూలుగా మ్యాప్ చేసి చదివే ఫైళ్లు కూడా అందులో లెక్కకొస్తాయి, కాబట్టి అది పెరిగినంత మాత్రాన ర్యామ్ కొనక్కర్లేదు.

కౌంటర్లు చేర్చడానికి పైన ఉన్న పచ్చ ప్లస్ గుర్తు నొక్కాలి. జాబితాలో ఫిజికల్ డిస్క్ పేరు మీదే నొక్కి యాడ్ కొడితే దాని కింద ఉన్న కౌంటర్లన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. పక్కనున్న చిన్న బాణం నొక్కి తెరిచి, కావలసింది మాత్రమే ఎంచుకోండి. కింద ఇన్‌స్టాన్స్‌ల పెట్టెలో (ఏ డిస్క్‌ను కొలవాలో ఎంచుకునే చోటు) అన్నీ కలిపి చూపే _టోటల్ తీసుకోకుండా సి డ్రైవ్ ఉన్న డిస్క్‌ను విడిగా తీసుకోండి. రెండు మూడు డిస్కులున్న మెషీన్‌లో ఒకటి చస్తూ బతుకుతున్నా, మిగతావాటితో కలిసి _టోటల్ బాగానే కనిపిస్తుంది. షో డిస్క్రిప్షన్ పెట్టెలో టిక్ పెడితే ఒక్కో కౌంటర్ దేన్ని కొలుస్తుందో కింద వివరణ వస్తుంది.

ఇక స్కేల్, అంటే గీత గీసే ముందు అసలు విలువను దేనితో హెచ్చించాలో చెప్పే అంకె. గ్రాఫ్ నిలువు గీత మామూలుగా 0 నుంచి 100 వరకే. డిస్క్ ఒక రీడ్‌కు 25 మిల్లీసెకన్లు తీసుకుంటోందనుకోండి. ఆ కౌంటర్ సెకన్లలో చెబుతుంది, అంటే 0.025. స్కేల్ 1 మీద ఉంటే ఆ గీత నేలకు అతుక్కుపోయి అసలు కదలదు. "డిస్క్ బ్రహ్మాండంగా ఉంది" అనుకుంటాం. స్కేల్ 1000 పెడితే అదే గీత 25 దగ్గరకు లేస్తుంది, అప్పుడు మిల్లీసెకన్లలోనే చదువుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ అయితే సాధారణంగా ఒకటి రెండు మిల్లీసెకన్ల లోపే ఉండాలి. తిరిగే హార్డ్ డిస్క్‌లో 20 దాటి అక్కడే నిలబడితే అనుమానించాలి. అవైలబుల్ ఎంబైట్స్‌ది ఎదురు కథ. 6200 ఎంబీ ఖాళీ ఉంటే స్కేల్ 1 మీద గీత పైకప్పుకు అంటుకుని ఉంటుంది, 5000 తగ్గినా కదలదు. 0.01 పెడితే 62 దగ్గర నడుస్తుంది.

స్కేల్ మార్చడానికి కంట్రోల్ + క్యూ నొక్కి ప్రాపర్టీస్‌లో డేటా ట్యాబ్‌కు వెళ్లాలి. అక్కడ కౌంటర్‌ను ఎంచుకుంటే రంగు, మందం, స్కేల్ అన్నీ వస్తాయి. స్కేల్ పదింతల మెట్లలోనే మారుతుంది, మధ్యలో అంకెలు ఉండవు. కింది జాబితాలో రైట్ క్లిక్ చేస్తే స్కేల్ సెలెక్టెడ్ కౌంటర్స్ అనే దగ్గరి దారి ఉంది, కానీ జాగ్రత్త. అది ఆ క్షణంలో ఉన్న విలువలను చూసి స్కేల్ పెడుతుంది. డిస్క్ తీరిగ్గా ఉన్నప్పుడు నొక్కితే స్కేల్ మరీ పెద్దది పడుతుంది, అసలు ఇబ్బంది వచ్చినప్పుడు గీత గ్రాఫ్ దాటి పైకి పోతుంది. ఇంకో చిక్కు: సి, డి డ్రైవ్‌ల రీడ్ సమయాలు రెండూ పెట్టి అది నొక్కితే ఒకదానికి 1000, రెండోదానికి 10000 పడవచ్చు. అప్పుడు 3 మిల్లీసెకన్ల డి గీత 30 దగ్గర, 20 మిల్లీసెకన్ల సి గీత 20 దగ్గర కనిపిస్తాయి. చూసినవాడు డి డ్రైవ్‌నే తప్పుపడతాడు. ఒకే రకం కౌంటర్లకు స్కేల్ ఎప్పుడూ ఒక్కటే, అదీ చేత్తో పెట్టుకోవాలి. అనుమానం వస్తే గ్రాఫ్ కింది లాస్ట్, యావరేజ్, మాగ్జిమమ్ పెట్టెలు చూడండి. వాటిలో అసలు విలువలే ఉంటాయి, స్కేల్ వాటిని తాకదు. కాకపోతే జాబితాలో ఏ కౌంటర్ ఎంచుకుంటే దాని అంకెలే చూపిస్తాయి. ఆ గీతను మందంగా చూడాలంటే కంట్రోల్ + హెచ్.

జనరల్ ట్యాబ్‌లో సాంపుల్ ఎవ్రీ 1 సెకను, డ్యురేషన్ 100 సెకన్లు అని ముందే ఉంటుంది. రెండు సెకన్ల ఆగుడును పట్టుకోవాలంటే సెకనుకొక సాంపుల్ అలాగే ఉంచి డ్యురేషన్ 600 చేయండి. సాంపుల్ 15 సెకన్లు చేస్తే ఆ రెండు సెకన్లు సగటులో కలిసి కరిగిపోతాయి. గ్రాఫ్ ట్యాబ్‌లో స్క్రోల్ స్టైల్ ముందుగా వ్రాప్ మీద ఉంటుంది, అంటే గీత చివరికి వెళ్లి మళ్లీ ఎడమ నుంచి పాతదాని మీదే గీస్తుంది. స్క్రోల్‌కు మార్చుకుంటే కళ్లకు సుఖం.

ప్రాసెస్ ఆబ్జెక్ట్ (ఒక్కో ప్రాసెస్‌ను విడిగా కొలిచే కౌంటర్ల గుంపు) కౌంటర్లతో రెండు తలనొప్పులు. ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లున్న మెషీన్‌లో ఒక ప్రాసెస్ % ప్రాసెసర్ టైమ్ 800 దాకా పోవచ్చు, అది తప్పు కాదు. రెండోది పేర్లు. ఒకే ప్రోగ్రామ్ నాలుగుసార్లు నడుస్తుంటే పేరు, పేరు#1, పేరు#2 అని వరుస పడతాయి. మధ్యలో ఒకటి మూతపడగానే తర్వాతవి ఒక నంబరు కిందికి జరుగుతాయి, మీరు చూస్తున్న గీత చడీచప్పుడు లేకుండా వేరే ప్రాసెస్‌ది అయిపోతుంది. విండోస్ 11లో ప్రాసెస్ వీ2 అనే ఆబ్జెక్ట్ ఉంది, దాంట్లో పేరుతో పాటు ప్రాసెస్ ఐడీ కూడా ఉంటుంది కాబట్టి ఈ గొడవ లేదు.

ఇంత కష్టపడి కట్టిన వ్యూ విండో మూసేయగానే ఎగిరిపోతుంది. పెర్ఫ్‌మాన్ మీద అందరికీ ఉన్న ఫిర్యాదు ఇదే. సేవ్ సెట్టింగ్స్ యాజ్ అని హెచ్‌టీఎమ్ ఫైల్ ఇస్తుంది గానీ అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ యాక్టివ్‌ఎక్స్ (పాత బ్రౌజర్లో ప్రోగ్రామ్ ముక్కలను నడిపే పద్ధతి) కాలం నాటి ఏర్పాటు, ఇప్పటి బ్రౌజర్లో తెరిస్తే గ్రాఫ్ రాదు. తేలిక దారి: గ్రాఫ్ మీద నొక్కి కంట్రోల్ + సి కొట్టి నోట్‌ప్యాడ్‌లో అతికించి టెక్స్ట్ ఫైల్‌గా దాచుకోండి. మళ్లీ కావాలన్నప్పుడు ఆ టెక్స్ట్ అంతా కాపీ చేసి పెర్ఫ్‌మాన్‌లో కంట్రోల్ + వి కొడితే కౌంటర్లు వచ్చేస్తాయి. వచ్చాక స్కేల్ కాలమ్ మీద ఒక చూపు వేయండి. వేరే మెషీన్‌కు తీసుకెళ్తుంటే, కౌంటర్ దారుల మొదట్లో కంప్యూటర్ పేరు ఉందేమో చూసి తీసేయండి, లేకపోతే అక్కడ కూర్చుని పాత మెషీన్ కోసమే వెతుకుతుంది.

శాశ్వతంగా ఐకాన్ నొక్కగానే తెరుచుకోవాలంటే ఎమ్‌ఎమ్‌సీ దారి పట్టాలి; అది విండోస్ నిర్వహణ పనిముట్లను పెట్టుకునే ఖాళీ చట్రం. రన్‌లో ఎమ్‌ఎమ్‌సీ (mmc) అని తెరిచి, కంట్రోల్ + ఎమ్, జాబితాలో యాక్టివ్‌ఎక్స్ కంట్రోల్, అందులో సిస్టమ్ మానిటర్ కంట్రోల్ ఎంచుకోండి. వ్యూ కట్టుకుని ఎమ్‌ఎస్‌సీ ఫైల్‌గా సేవ్ చేస్తే కౌంటర్లు, స్కేళ్లు, రంగులు అన్నీ అందులోనే ఉంటాయి. ఇతరులకు ఇచ్చేటప్పుడు ఫైల్ మెనూ ఆప్షన్స్‌లో యూజర్ మోడ్‌కు మార్చి, మార్పులు సేవ్ కాకుండా టిక్ పెట్టండి. లేకపోతే వారం తిరిగేసరికి మీ స్కేళ్లు మీవిగా ఉండవు.

ఒక్కోసారి యాడ్ కౌంటర్స్ జాబితాలో డిస్క్ కౌంటర్లే ఉండవు, లేదా పేర్లున్న చోట ఉత్త అంకెలు కనిపిస్తాయి. కౌంటర్ల రిజిస్ట్రీ చెడిందని అర్థం. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సిస్టమ్32 ఫోల్డర్ నుంచి లాడ్‌సీటీఆర్ /ఆర్ (lodctr /R) నడపండి. 64 బిట్ విండోస్ అయితే సిస్‌వావ్64 ఫోల్డర్‌లోనూ అదే కమాండ్ మరోసారి. పెర్ఫ్‌మాన్ మూసి తెరిచి, నోట్‌ప్యాడ్‌లో దాచిన జాబితాను మళ్లీ అతికించండి.