మా మస్టాంగ్ ముల్లు ఆడిన అబద్ధం

ఎర్ర కారు కొంటున్నప్పుడే మా ఆవిడ అంది: "రోడ్డు మీద వంద కార్లు పోతుంటే పోలీసు కంటికి ఆనేది మనదే." నేను నవ్వి ఊరుకున్నాను. 2017 మోడల్ మస్టాంగ్ జీటీ, వీ8 ఇంజను, సెకండ్ హ్యాండే అయినా చిన్నప్పటి నుంచీ ఉన్న మోజు. వర్జీనియాలో యాష్‌బర్న్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్ల ముందు టెస్లాలూ హోండా ఒడిస్సీలే ఎక్కువ. మా ఇంటి ముందు మాత్రం ఇది.

అక్టోబర్‌లో ఆకులు రంగు మారే వారం. నేచురల్ బ్రిడ్జ్ చూసి ఆదివారం సాయంత్రం ఐ-81 మీద ఉత్తరంగా తిరిగొస్తున్నాం. ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. వర్జీనియాలోనే 325 మైళ్లు, చాలాచోట్ల అటు రెండు, ఇటు రెండు లేన్లే, నిండా లారీలు. ఒక లారీ ఇంకో లారీని దాటడానికి అయిదు నిమిషాలు తీసుకుంటుంది, వెనక మనం పళ్లు నూరుకుంటూ ఉండాలి. అలా రెండు లారీల వెనకా ఇరుక్కుని, దారి దొరకగానే కాలు కాస్త గట్టిగా వేశాను. దిగువకి దిగే చోట మధ్య గడ్డిలో నీలం, బూడిద రంగుల పోలీసు బండి. చూసేసరికే ఆలస్యం.

ట్రూపర్, అంటే స్టేట్ పోలీసు, ఆ వెడల్పు టోపీ సర్దుకుంటూ కుడివైపు కిటికీ దగ్గరికొచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఎంతలో వెళ్తున్నావో తెలుసా అని అడిగితే, ఉన్నదున్నట్టు "84" అన్నాను. స్పీడోమీటర్ ముల్లు చూసుకున్నాను కాబట్టి అంత కచ్చితంగా చెప్పగలిగాను. ఆయన తల అడ్డంగా ఊపి, రాడార్‌లో 88 వచ్చిందన్నాడు. అక్కడ లిమిట్ గంటకి 70 మైళ్లు.

నాలుగు మైళ్ల తేడాకి ఏమవుతుందని మీకనిపించవచ్చు. వర్జీనియాలో ఆ నాలుగు మైళ్లే ప్రాణం మీదకి తెస్తాయి. ఇక్కడ 85 దాటినా, లిమిట్ మీద 20 మైళ్లు ఎక్కువైనా అది మామూలు స్పీడింగ్ టికెట్ కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్. 2020 జూలై వరకూ ఆ గీత 80 దగ్గరే ఉండేది, తర్వాత 85కి జరిపారు. క్లాస్ 1 మిస్‌డిమీనర్ అంటారు, అంటే క్రిమినల్ కేసే. కాగితం మీద గరిష్ఠ శిక్ష 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా, ఆర్నెల్లు లైసెన్స్ సస్పెన్షన్. లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసు రికార్డులో 6 పాయింట్లు, 11 ఏళ్లు చెరగవు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసి చేతులు దులుపుకునే టికెట్ కాదిది, కోర్టుకి వెళ్లాల్సిందే.

కాగితం మీద సంతకం పెట్టమంటే నా చెయ్యి ఆగింది. సంతకం అంటే తప్పు ఒప్పుకోవడం కాదు, చెప్పిన తేదీకి కోర్టుకొస్తానన్న హామీ మాత్రమేనని ఆయనే విడమరిచి చెప్పాడు. పెట్టాను. దారంతా కారులో మాటల్లేవు. వించెస్టర్ దాటాక మా ఆవిడ అంది, "మెల్లగా పొమ్మని మూడుసార్లు చెప్పాను."

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నా మనసులో ఒకటే. నేను 84లోనే ఉన్నాను, నా కళ్లతో చూశాను. పక్కన లారీ ఉంది, రాడార్ దాన్ని పట్టి ఉంటుంది. లేదంటే ఎర్ర మస్టాంగ్ కనపడగానే ఆయన ఓ నిర్ణయానికి వచ్చేసి ఉంటాడు. మా ఆవిణ్ణి సాక్షిగా తీసుకెళ్దామనుకున్నాను. "వస్తాను, ప్రమాణం చేసి చెప్పమంటే ఆ మూడుసార్లూ చెప్తాను" అంది. సాక్షి ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

వారం తిరక్కుండా పోస్టులో లాయర్ల ఉత్తరాలు మొదలయ్యాయి. టికెట్ వివరాలు కోర్టు రికార్డుల్లో అందరికీ కనపడతాయి కాబట్టి, మనం ఎవరికీ చెప్పకుండా దాచినా ఊళ్లో లాయర్లందరికీ తెలిసిపోతుంది. ఒకే రోజు తొమ్మిది కవర్లు వచ్చాయి. ఆఫీసులో సలహాలు సరేసరి. ఒకాయన రాడార్ డిటెక్టర్ కొనుక్కో అన్నాడు. ఆయన మేరీల్యాండ్‌లో ఉంటాడు, వర్జీనియాలో అది పెట్టుకుంటే దానికింకో టికెట్ అని తెలీదు పాపం. నా కన్నా పదేళ్లు ముందొచ్చిన అన్న ఒకాయన మాత్రం నన్ను పక్కకి పిలిచి, "తమ్ముడూ, నువ్వింకా హెచ్1 వీసా మీదే ఉన్నావు. వీసా స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు ఫారంలో నేరం ఏదైనా ఉందా అని అడుగుతారు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాన్నకి చెప్పకూడదనుకున్నాను. ఆయన నర్సరావుపేట డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. కానీ వీడియో కాల్‌లో నా మొహం చూసి లాగేశారు. తిడతారనుకున్నాను. మొత్తం విని, ఆయన అడిగింది ఒకటే.

"ఒరే, టైర్లు కంపెనీ సైజేనా?"

టైర్లకీ దీనికీ ఏం సంబంధం నాన్నా అన్నాను.

"మీటరుకి రోడ్డు కనపడదురా. చక్రం ఎన్ని తిరుగుళ్లు తిరిగిందో అదే లెక్క. డిపోలో మాకు కేఎంపీఎల్ చూసేవాళ్లు, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చామో నెలనెలా లెక్క. అరిగిన టైరున్న బండి దొరికితే మాకు పండగ. చక్రం చిన్నదవుద్ది, తిరుగుళ్లు ఎక్కువ, మీటరు ఎక్కువ చూపిస్తది. కొత్త టైర్లేసిన రోజు ఏడుపు. నువ్వు పెద్ద టైరు వేశావనుకో, బండి ముందుంటది, ముల్లు వెనకుంటది."

ఫోన్ పెట్టేసి టార్చ్ పట్టుకుని గ్యారేజీలోకి వెళ్లాను. డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, కంపెనీ ఏ సైజు టైర్లతో ఇచ్చిందో అందులో రాసి ఉంటుంది. నాది 235/50 ఆర్18. వంగి వెనక టైరు చూశాను: 275/40 ఆర్20. నాకు ముందు ఈ కారు నడిపిన మహానుభావుడు వెనక నుంచి కండలు తిరిగినట్టు కనపడాలని ఇరవై అంగుళాల చక్రాలు వేయించాడు. నేను కొన్నది కూడా ఆ షోకు చూసే, అబద్ధం ఎందుకు. కానీ వేయించినవాడు కారు కంప్యూటర్‌లో ఆ సైజు మార్పించలేదు.

అక్కడే గ్యారేజీ నేల మీద కూర్చుని ఫోన్‌లో లెక్క వేశాను. పాత టైరు వ్యాసం 692 మిల్లీమీటర్లు, దీనిది 728. అయిదు శాతం పైనే తేడా. 88ని ఆ రెండు వ్యాసాల నిష్పత్తితో భాగిస్తే 83.7. నేను చూసిన 84, ఆయన చూసిన 88, రెండూ నిజమే. ఒక నిమిషం సంతోషం, మరుక్షణం నీరసం. రాడార్ తప్పని రుజువు చేద్దామని కదా ఇన్నాళ్లూ ఊగిపోయాను.

ఆ కౌంటీ కోర్టులో రోజూ ఇవే కేసులు చూసే లాయర్‌ని పెట్టుకున్నాను, 750 డాలర్లు. దూరం నుంచి పెద్ద పేరున్నవాణ్ణి తెచ్చుకోవడం కన్నా అక్కడివాణ్ణి పెట్టుకోవడమే మంచిదని ఇప్పటికీ నా అభిప్రాయం. ముందు నా లారీ వాదన వినిపించాను. ఆయన ఓపిగ్గా విని, రాడార్‌ని కొట్టాలంటే చూసేది దాని పరీక్ష సర్టిఫికెట్ అన్నాడు. ఇక్కడ చట్టం ప్రకారం అది ఆర్నెల్లకి మించి పాతదైతే చెల్లదు. కానీ ట్రూపర్లు ఆ విషయంలో పొరపాటు పడటం అరుదట. తర్వాత టైర్ల సంగతి చెప్పాను. కుర్చీలో ముందుకి జరిగాడు.

"మార్చేశావా?" అదే ఆయన మొదటి ప్రశ్న. ఇంకా లేదన్నాను. "ముట్టుకోకు" అన్నాడు. శనివారం మార్పించడానికి అప్పటికే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మార్చేసుంటే నా సాక్ష్యం పాత టైర్ల కుప్పలోకి పోయేది.

వర్జీనియా కోడ్‌లో 46.2-942 అని ఒక సెక్షన్ ఉంది. స్పీడోమీటర్‌ని పరీక్ష చేయించి, ప్రమాణపూర్వకంగా రాసిన రిపోర్టు తెస్తే, కోర్టు దాన్ని తీసుకుని తీరాలి. తప్పు తేల్చేటప్పుడూ, శిక్ష వేసేటప్పుడూ కూడా చూడాలి. ఇంకో మాట కూడా ఆయనే చెప్పాడు. రోడ్డు పక్కన నేను నోరు జారి "84" అనడం మామూలుగా అయితే నా నెత్తిన నేనే మన్ను పోసుకోవడం. ఇక్కడ మాత్రం అది ట్రూపర్ నోట్స్‌లో ఉంటే మంచిదే, టైర్ల కథ తర్వాత అల్లింది కాదని తెలుస్తుంది.

పరీక్ష చేసే షాపు చిన్న షెడ్డు. కారుని రోలర్ల మీదకి ఎక్కించి, ముందుకి ఉరక్కుండా నాలుగు వైపులా పట్టీలతో కట్టేశాడు. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టాడు. యాక్సిలరేటర్ తొక్కుతుంటే వెనక చక్రాలు రోలర్ల మీద గింగిరాలు తిరుగుతున్నాయి, షెడ్డు రేకులన్నీ అదురుతున్నాయి, కారు మాత్రం అంగుళం కదల్లేదు. మా ముల్లు 60 దగ్గర ఆగితే పక్కన తెర మీద 63. ముల్లు 70 అంటే తెర 74. 80 అంటే 84. ప్రతి పదికీ ఆపి, బాల్‌పెన్‌తో రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటూ పోయాడు. ఏడాది పాటు స్కూల్ జోన్‌లో 25 అనుకుని నేను ఎంతలో వెళ్లానో ఆ కాగితం చూశాకే తట్టింది. నోటరీ సంతకంతో సహా 80 డాలర్లు అయింది. ఆ తర్వాతే టైర్లు మార్పించాను, వ్యాసం తక్కువుండే 275/35 సైజుకి. రసీదు భద్రంగా పెట్టుకున్నాను. లాయర్ చెప్పాడని ఎనిమిది గంటల డ్రైవర్ ఇంప్రూవ్‌మెంట్ క్లాసు కూడా ముందే పూర్తి చేశాను. దానివల్ల డీఎంవీలో 5 మంచి పాయింట్లు వస్తాయి.

డిసెంబర్‌లో కోర్టు. ఫోన్లు లోపలికి తేనివ్వరు, కారులోనే వదిలి రావాలి. చేతిలో ఫోన్ లేకుండా చెక్క బెంచీ మీద రెండు గంటలు కూర్చోవడం ఓ శిక్షే. ముందు వరసలో కాలేజీ కుర్రాడు, 97లో దొరికాడట, పక్కన వాళ్లమ్మ కన్నీళ్లు తుడుచుకుంటోంది. నా వంతుకి ముందు హాల్లో లాయరూ ట్రూపరూ నిలబడి మాట్లాడుకున్నారు. లాయర్ రాడార్ సర్టిఫికెట్ అడిగి చూశాడు. నాలుగు నెలల కిందటిది, అంతా సవ్యంగా ఉంది. లారీని పట్టి ఉంటుందన్న నా సిద్ధాంతం మళ్లీ ఎత్తవద్దని నాకు కళ్లతోనే చెప్పాడు.

జడ్జి రిపోర్టు చదివాడు. అద్దాల మీద నుంచి నన్ను చూసి, టైర్లు మార్చావా అని అడిగాడు. రసీదు ఇచ్చాను. ఆ రోజు నేనేం చెప్పానని ట్రూపర్‌ని అడిగితే, ఆయన నోట్స్ చూసి "84 అన్నాడు" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయన మీద రెండు నెలలుగా పెంచుకున్న కోపమంతా దిగిపోయింది. ఈ కేసులో తమాషా ఏమిటంటే, 88 నిజమేనని రుజువు చేసే కాగితం నేనే డబ్బిచ్చి తెచ్చి జడ్జి చేతిలో పెట్టాను. నన్ను బయటపడేసింది కూడా అదే.

మొత్తం మూడు నిమిషాలు పట్టలేదు. రెక్‌లెస్ తీసేసి, 70 జోన్‌లో 84 అని మామూలు స్పీడింగ్ కింద రాశారు. జరిమానా, కోర్టు ఖర్చులు కలిపి రెండొందల డాలర్ల లోపు. 4 పాయింట్లు, అయిదేళ్లు ఉంటాయి. నచ్చకపోతే పది రోజుల్లో సర్క్యూట్ కోర్టుకి అప్పీల్ చేసుకోవచ్చని చెప్పారు. నచ్చకపోవడమా! కౌంటర్ దగ్గర డబ్బు కట్టేసి దాదాపు పరిగెత్తుకుంటూ బయటికొచ్చాను. ఇన్సూరెన్స్ మాత్రం తర్వాతి రెన్యువల్‌లో పెరిగింది, దాన్ని ఎవరూ తగ్గించలేదు.

పార్కింగ్ లాట్‌లోంచే నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పదిన్నర దాటింది, అయినా మేలుకునే ఉన్నారు. అంతా విన్నారు. "మరి కొత్త టైర్లతో కేఎంపీఎల్ ఎంతొస్తంది?" అన్నారు. గ్యాలన్‌కి 22 మైళ్లు, అంటే లీటరుకి తొమ్మిది చిల్లర అని లెక్కగట్టి చెప్పాను.

కాసేపు అవతల నిశ్శబ్దం.

"మా బస్సు యాభై మందినీ, పైన మిరపకాయ బస్తాల్నీ వేసుకుని అయిదిచ్చేదిరా" అన్నారు. "నీ దాంట్లో ఎక్కేది ఇద్దరేగా?"